సగం గడ్డం

భర్త ఆమె ఛాయలకు కూడా రాకూడదని కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. వారం తిరక్కుండానే మళ్ళీ కోర్టు వరండాలో కూర్చున్న ఆమెకు నవ్వు ఆగడం లేదు.

"మళ్ళీ మీదికొచ్చాడా?"

"లేదు లాయరమ్మా, నేనే ఇందాక ఆయనున్న మంగలి షాపుకెళ్ళా. నన్ను చూసి కుర్చీలోంచి లేచి, మెడలో గుడ్డతోనే పరుగు."

"ఉత్తర్వు మిమ్మల్ని కాపాడ్డానికమ్మా, ఆయన్ని తరమడానికి కాదు. గడ్డం గీయించుకునే హక్కు ఆయనకీ ఉంది."

"అదంతా జడ్జిగారికి చెప్పేస్తాడంటారా?"

"చెప్పక్కర్లేదు. సగం గడ్డంతోనే వచ్చి లోపల కూర్చున్నాడు."

ఆమె రెండు చేతులతో నోరు మూసుకుంది. అయినా నవ్వు వేళ్ళ సందుల్లోంచి వచ్చేసింది.

"ఇంకెప్పుడూ వెళ్ళనండీ, ఒట్టు."

"అసలెందుకు వెళ్ళారు?"

"ఇన్నేళ్ళూ ఆయన చెప్పుల చప్పుడు వినబడితే చాలు, నేను పెరటి దారి పట్టేదాన్ని. నా చెప్పులకీ చప్పుడుందో లేదో చూద్దామని."