రెండుతూర్లు ఏసిన జడ

"అవ్వా, మా రేణిగుంట ఫ్యాక్టరీలో అన్నం యాళకు ఎవురి ఫోను వాళ్లదే. నువ్వు పనికి పోయేటప్పుడు ఏం జేసేవాళ్లు?"

ఏం జేస్తాం స్వాతీ, కథలు చదివించుకొని కొట్లాడుకునేవాళ్లం! నవ్వాకు, నిజంగానే. బంగారుపాళ్యం కాడ మామిడిగుజ్జు ఫ్యాక్టరీ. కాయలకు తొక్క, టెంక తీసే పని మాది. సరోజ అని ఒకమ్మి వారపత్రిక తెచ్చేది. అప్పుడది మూడు రూపాయలో... కాదు, నాలుగో, ఏదోలే. మేం తింటాంటే అందులో సీరియల్ పైకి చదివేది.

నా పక్కన మునెమ్మ. ఫ్యాను కింద తావు కోసరం మా ఇద్దరికీ సీజనంతా మాటల్లేవు, తిట్లే.

ఒకనాడు కథలో తల్లి బిడ్డను దూరంగా హాస్టల్లో ఏసి పనికి పోతాది. సరోజ పత్రిక మడిచేసి, "ఇదీ ఒక తల్లేనా? రాతిగుండెది!" అనింది. అందరూ అదే మాట.

నేను తినేది ఆపేసినా. ఎందుకంటే మీ నాయన్ను, మీ అత్తను కర్నూలు హాస్టల్లో ఏసినానని ఆడ ఎవురికీ చెప్పలా. మీ తాత లారీ మీద పోతే ఎన్నాళ్లకో వచ్చేది. బిడ్డల్ను సూసేదెవురు? తిన్నారో లేదో, రాత్రి దుప్పటి కప్పుకున్నారో లేదో, రోజంతా ఇదే భయం నాకు.

అప్పుడు మునెమ్మ, "మేయ్ సరోజా, హాస్టల్ గేటుకాడ తల్లి బిడ్డకు జడేసింది మళ్లీ చదువు" అనింది. సరోజ చదివింది. "సూడండే, ఏసిన జడ ఇప్పి మళ్లీ ఏసింది. రాతిగుండెదైతే రెండుతూర్లు ఎందుకేస్తాది? ఇడిసిపోను కాళ్లు రాకనే కదా!" అనింది మునెమ్మ.

"అవునే, అది నాకు తట్టలా" అనింది సరోజ. నేనైతే బిత్తరపోయినా. నన్ను తిట్టే నోరేనా ఇది?

ఇంకా విను. నాలుగు దినాలకో ఏమో, ఫ్యాక్టరీ ఆఫీసుకు హాస్టల్ నుంచి ఫోనొచ్చింది, మీ నాయనకు జ్వరమని. సూపర్‌వైజరు, "కాయలు ఇన్ని వస్తాంటే పోతావా? పోతే మళ్లీ రావాకు" అనేసినాడు. ఆ పని పోతే ఫీజు యాడ తెచ్చేది?

నేను నోరు తెరిచేలోపల మునెమ్మ లేచింది. "ఆయమ్మ కాయలు మేం కోస్తాం సార్. తక్కువైతే నన్నడగండి." సరోజ గమ్మున నా కాయల బాక్సు తన పక్కకు లాక్కునింది. ఆయప్ప చెయ్యూపి నన్ను పొమ్మన్నాడు.

ఫ్యాక్టరీ గేటుకాడ మునెమ్మను అడిగినా, "నా బిడ్డలు హాస్టల్లో ఉండారని, నీకు ముందే తెలుసునా?"

"కథ చదివేటప్పుడు అందరూ సరోజను సూస్తాండిరి, నేను నిన్ను సూసినా. పో, బస్సు పోతాది."

నేను అంత దాచుకున్నా కనిపెట్టేసింది, సూడు!

మీ నాయనకు జ్వరం తగ్గినాక, హాస్టల్ గేటుకాడ మీ అత్తకు జడేసినా. ఏసి, ఇప్పి మళ్లీ ఏసినా. తిరిగొచ్చేసరికి నా పని నాకే ఉండె. ఫ్యాను కింద తావు మాత్రం మునెమ్మ ఇయ్యలేదులే, దానికోసరం మళ్లా కొట్లాడినాం.

సల్లంగుండు తల్లీ. రేపు అన్నం యాళకు నీ పక్కన కూసునే అమ్మితో ఒక కథ చదివించు. నువ్వు మాత్రం మొగాలు సూడు. ఎవురన్నా తినేది ఆపితే, ఆయమ్మ పక్కన నిలబడు.