గంటలోపు దూరం

హలో… ఆ, నేనే. ప్రమీలనే.

చెప్పు ఉదయ్. పొద్దున పెట్టిన మెసేజీకి ఇప్పుడు తీరిక దొరికిందా?

…

అవును. నిన్న సాయంత్రం. గుండె. ఆసుపత్రికి చేరాక పావుగంట ఉన్నారు, అంతే.

…

ఏడవకు. నేనే ఏడవడం లేదు, నీకెందుకు? తొమ్మిదేళ్ళు సొంత అన్నయ్యతో మాట్లాడకుండా ఉండగలిగినవాడివి…

…

సరే. ఆ మాట అనకుండా ఉండాల్సింది. వెనక్కి తీసుకుంటున్నాను.

…

నాలుగింటికి ఖననం. ఇక్కడే. రాజమండ్రి పంపించమని అందరూ అన్నారు. పోయినచోటు నుంచి గంట ప్రయాణం దాటి తీసుకెళ్ళకూడదు కదా మన బహాయీలం? నేను చెప్పాలా నీకు? చోటు ఆయన కఫీల్ ఇప్పించాడు. పాపం ఆ ముసలి అరబ్బు యజమాని పొద్దుట్నుంచీ ఆఫీసుల చుట్టూ తిరిగాడు. నువ్వు ఏ వర్గం, ఎవరి వారసుణ్ణి నమ్ముతావు అని ఒక్క ప్రశ్న వేయలేదు.

…

ఆ, గంటలోపే. ఈ దీవిలో ఎటు వెళ్ళినా గంట పట్టదు. అద్లియాలో మీ ఇంటి నుంచి తుబ్లీలో మా ఇంటికి పదిహేను నిమిషాలు. ఎప్పుడైనా లెక్క వేశావా?

…

లేదు, అరవడం లేదు. నేను క్లాసులో కూడా అరవను.

నేను అడిగింది ఒక్కటే. వచ్చి ప్రార్థన చదువు. మామయ్యగారికి మీ అన్నయ్య చదివాడు, నువ్వు పక్కన నిలబడ్డావు. ఈయనకి నువ్వు చదవాలి. ఒక్కో వాక్యం పంతొమ్మిది సార్లు… మూడోసారికే నా గొంతు పోతుంది ఉదయ్. అందుకని అడిగాను. లేకపోతే అడిగేదాన్ని కాదు.

…

తెలుసు.

…

తెలుసు. ఆయన ఒడంబడిక తప్పినవాడు. మాట్లాడకూడదు, కలవకూడదు. తొమ్మిదేళ్ళుగా అదే ఇంట్లో ఉన్నాను, నాకు తెలియదా?

…

మళ్ళీ ఆ పాఠం మొదలుపెట్టకు. మనం పుట్టకముందు, లండన్‌లో మన మతపెద్ద, ధర్మ సంరక్షకుడు, కన్నుమూశారు. పిల్లలు లేరు, వీలునామా లేదు. ఆ పదవి ఆయనతోనే ఆగిపోయింది, ఇక పెద్దరికం ఎన్నికైన న్యాయ మందిరానిదే అని మీరంటారు. కాదు, ఆ వరుస తెగదు, ఇంకొక సంరక్షకుడున్నాడు అని మీ అన్నయ్య నమ్మాడు. నమ్మి ఊరుకోక, మన సభకి ఉత్తరం రాసి సంతకం పెట్టాడు. అంతేగా? ఎవరిది ఒప్పో నాకు తెలియదు. ఆయనతోనూ అదే చెప్పాను. నాకు తెలియదండీ, నేను సంతకం పెట్టను అని. ఆయనేం కోపం తెచ్చుకోలేదు.

…

పూజారులు లేని మతం అని మామయ్యగారు ఎంత గర్వంగా చెప్పుకునేవారు! ఇవాళ ఆయన పెద్దకొడుకుని మట్టిచేసే చోటికి రావడానికి చిన్నకొడుకు అనుమతి అడగాల్సి వచ్చింది.

…

సభ చెప్పింది, నువ్వు విన్నావు. సరే. అద్లియాలో ఆ టీ కొట్టులో మమ్మల్ని చూసి సగం చాయ్ వదిలేసి లేచిపోయావే, అది కూడా సభే చెప్పిందా? ఒక్క తలూపు ఊపి వెళ్తే నీ విశ్వాసం కరిగిపోయేదా? ఆయనేం చేశాడో తెలుసా? నీ కప్పు మీద సాసర్ బోర్లించాడు. బాత్రూంకి వెళ్ళుంటాడు, చల్లారిపోతుంది ప్రమీలా అని.

…

…

ఆ, ఉన్నాను. చెప్పు.

…

ఏమిటి?

…

చివర్లో ఏమన్నారా? నీళ్ళడిగారు. ఫ్యాన్ తగ్గించమన్నారు. తుబ్లీ వర్క్‌షాపు తాళంచెవులు అక్కడ పనిచేసే లింబాద్రికి ఇమ్మన్నారు. అంతే.

…

లేదు. ఆ ఉత్తరం గురించి ఒక్క మాట కూడా లేదు.

…

ఆగు. మళ్ళీ చెప్పు… 'తప్పు తెలుసుకున్నారు' అని. నేను. మెసేజీలో.

…

అది సభకి చూపిస్తే నువ్వు రావచ్చు. మిగతావాళ్ళూ రావచ్చు. పువ్వులు, కార్లు, మీ అమ్మాయి మధులిక, అందరూ.

…

నిజమే, ఒక్క మాటే. ఎవరూ రుజువు అడగరు. పోయిన మనిషి వచ్చి కాదనడు. నువ్వు మంచి మనసుతోనే చెప్తున్నావు, అది కూడా అర్థమైంది. అందుకే ఇంకా ఫోన్ పెట్టేయలేదు.

కానీ ఉదయ్, అబద్ధం ఆడకూడదని మీ మధులికకి పిల్లల తరగతిలో నేర్పింది నేను. ఇప్పుడు వాళ్ళ నాన్న తన అన్నగారి శవం పక్కన కూర్చోబెట్టి నాతో ఆడిస్తున్నాడా?

…

ఆయన కోసమా? ఆ ఒక్క మాట అంటే చాలని ఆయనకి తెలియదనుకున్నావా? ఏ రోజైనా అనేసి, పదిహేను నిమిషాల్లో మీ ఇంట్లో భోజనానికి కూర్చునేవాడు. అనలేదు. పండక్కి పండక్కి ఒక్కడే కిటికీ దగ్గర కూర్చున్నాడు గానీ అనలేదు. ఆయన మూర్ఖుడే అనుకో. నేనూ చాలాసార్లు అనుకున్నాను. కానీ తొమ్మిదేళ్ళు ఆయన మోసినదాన్ని నేను నాలుగు పువ్వుల దండలకి ఇచ్చెయ్యను.

…

లేదు. రాయను. కుదరదు.

…

శ్మశానం గేటు బయట?

…

కార్లో కూర్చుని? అద్దాలు దించుకుని… వినపడేంత దూరంలో.

…

వద్దు.

…

వద్దన్నాను! వింటానికి ఇదేమన్నా పాటకచేరీయా? వస్తే లోపలికి రా. తమ్ముడిలా వచ్చి అందరితో పాటు నిలబడు. మీవాళ్ళు రేపు నిన్ను అడుగుతారు, నిజమే, వెలివేస్తారేమో కూడా. ఆ భయం చిన్నదని నేననను. రాలేకపోతే ఇంట్లో ఉండు. ఆ గేటు దగ్గర మాత్రం నాకు కనపడకు.

…

ఎవరా? మనుషులున్నారు. ఆయన కింద పనిచేసే జగిత్యాల వాళ్ళు. గంగన్న, లింబాద్రి, లచ్చన్న. డ్యూటీ మానుకుని వచ్చారు. పొద్దున స్నానం చేయించి తెల్లగుడ్డ చుట్టింది వాళ్ళే. కాదు, హిందువులు. బహాయీ అంటే ఏమిటో ఇవాళే విన్నారు.

…

అయితే ఏమైంది? చదివేదాన్ని నేను బహాయీనే. మిగతావాళ్ళు నిలబడాలి, అంతేగా?

…

ఉదయ్?

ఉదయ్… హలో…

…

పెట్టేశాడు గంగన్నా. …లేదు, రావడం లేదు. ఇంక చూడొద్దు, పదండి. …ఏం చేయాలా? మీరేం చేయక్కర్లేదు. నేను చదివినంతసేపూ నిలబడండి. చాలా పొడుగు ప్రార్థన, కాళ్ళు పీకుతాయి. …మధ్యలో నేను ఆగిపోతే… ఆగిపోతే, మళ్ళీ మొదలుపెట్టేదాకా అలాగే ఉండండి.

ఆ ఫోన్ ఇక్కడే పడి ఉండనీ.