ధాన్యం బస్తాల మీద అంబాసిడర్

నమ్మనివాళ్ళు ఇప్పుడే అరుగు దిగి వెళ్ళిపోవచ్చండి మేష్టారూ! మధ్యలో లేచి ‘రాజుగారు కోతలు కోస్తున్నారు’ అంటే మాత్రం ఊరుకోను. ఈ వెంకటరాజు చెప్పిందాంట్లో ఆవగింజంత అబద్ధం ఉందని రామచంద్రపురంలో ఎవరైనా రుజువు చేస్తే మీసం తీయించేస్తాను. ఆయ్!

ముందు ఆ సంచిలో ఏంటో బయట పెట్టండి. ఓహోహో! స్పానర్ల సెట్టా! సంతలో గోనెపట్టా మీద పరిచి అమ్మాడా? పన్నెండు స్పానర్లు నూట ఇరవయ్యా? లెక్కల మేష్టారు కదా, లెక్క బాగానే చూసుకున్నారు. దీనికన్నా మా ఇంట్లో అట్లకాడ గట్టిదండీ! నట్టు మీద వేసి ఒక్క పట్టు పట్టండి, పిచ్చుకపిల్లలా నోరు తెరుస్తుంది. నట్టు అంచులు అరిగి గోళీకాయలా తయారవుతుంది. తర్వాత దాన్ని విప్పాలంటే బ్రహ్మదేవుడు దిగిరావాలి.

సరే, పాత ఫియట్ కొన్నారు. ఇంట్లోనే బాగుచేసుకుంటానంటున్నారు. సంతోషం. మరి కారు పైకెత్తి కిందకి దూరేది ఏ నమ్మకంతోటండీ?

ఏంటీ? ఇటికలా? ఇటికలు పేర్చి, సాయంత్రం బడి వదలగానే దాని కింద పడుకుంటారా? మీ ఆవిడగారికి చెప్పారా? చెప్పలేదూ! అలాంటివి ఎవరూ చెప్పరు లెండి.

కూర్చోండి. కాఫీ చల్లారితే చల్లారనీండి.

తొంభైమూడులో నా అంబాసిడర్ సంగతి విన్నారుగా? పశువులపాకలో పదకొండేళ్ళు పడుకుంది. బానెట్ ఎత్తితే లోపల కోడి పద్దెనిమిది గుడ్లు పొదుగుతోంది. అలాంటిదాన్ని ఈ రెండు చేతులతో బోల్టు బోల్టూ విప్పి మళ్ళీ బిగించాను. ఇంజను నేనొక్కణ్ణే భుజాన వేసుకుని పెరట్లోంచి వీధిలోకి తెచ్చాను. ఎందుకండీ ఆ చూపు? సరే, ఇద్దరం పట్టాం. నలుగురనుకోండి. రంగు వేశాక దాని తలుపులో చూసుకుని ఈ వీధి ఆడవాళ్ళు బొట్టు దిద్దుకునేవారు!

పనిముట్లంటారా? నాసిరకం నా గుమ్మం తొక్కలేదు. రాజమండ్రిలో కొట్టువాడు ‘ఇది కొంచెం ధర ఎక్కువండీ’ అంటే, ‘నేను ధర అడిగానా?’ అన్నాను. స్పానర్లు, సాకెట్లు, జాకీ, అన్నీ మేలురకం. ఇప్పటికీ బీరువాలో పట్టుబట్టల పక్కన ఉన్నాయి.

ఒక్కటే కొనలేదు.

అప్పట్లో మన ఊళ్ళోనే షెడ్డున్న మెకానిక్కు ఒకతను ఇంజను చూడ్డానికి వచ్చేవాడు. జ్ఞానప్రకాశం. తక్కువ మాట్లాడే మనిషి. ‘రాజుగారూ, చవక స్పానరు కొంటే నట్టు పోద్దండి, నట్టు మళ్ళీ దొరుకుద్ది. కారుని మోసేది మాత్రం చవకది వద్దండి. నాలుగు ఇనప స్టాండ్లు తీసుకోండి’ అన్నాడు.

వీధి అదిరేలా నవ్వాను. ‘ఇంటినిండా ధాన్యం పెట్టుకుని ఇనప ముక్కాలిపీటలు కొనాలటోయ్! లారీలో బస్తా మీద బస్తా వేస్తే అడుగు బస్తా చస్తోందా?’ అన్నాను. చక్రాలు విప్పించి, మూలకి రెండేసి బస్తాలు పేర్పించి, కారుని మహారాజులా వాటి మీద కూర్చోబెట్టాను. జనం తిరనాళ్ళకొచ్చినట్టు వచ్చి చూశారు. కారుని కాదండీ, నా తెలివిని!

మూడోరోజు మధ్యాహ్నం కింద పడుకుని గేర్‌బాక్స్ బోల్టులు విప్పుతున్నాను. సన్నగా జల్లు పడుతున్న చప్పుడు. ‘బుల్లెమ్మా! వానొస్తోంది, వడియాలు తియ్యవే!’ అని మా ఆవిడకి కేకేశాను. ‘ఎండకి మాడు పగిలిపోతుంటే వానేంటండీ!’ అంది లోపల్నించి.

అంతలో నా చెవి పక్కన ఒక కోడి. తర్వాత పది.

అప్పుడు చూశానండీ. ఎలక కొరికిన బస్తా. కన్నంలోంచి ధాన్యం ధారకట్టి జారుతోంది. కోళ్ళు పెళ్ళిభోజనం చేస్తున్నాయి. కారు నామీదకి దిగుతోంది, తొందరేం లేకుండా, పెద్దమనిషి పడక్కుర్చీలోకి ఒరిగినట్టు.

అరుద్దామంటే గేర్‌బాక్స్ రొమ్ము మీద ఆనేసింది. గాలాడలేదు. ఒక పుంజు తల వంచి నా కంట్లోకే చూస్తోంది. ఆఖరి చూపు దానిదే అనుకున్నాను. భోజనం చేసి వచ్చిన జ్ఞానప్రకాశం నా కాళ్ళు కొట్టుకోవడం చూసి, జాకీ దూర్చి, ఎత్తి, లాగాడు. రెండు పక్కటెముకలు విరిగాయి, అంతే.

ఊళ్ళో మీరు విన్నది వేరు కదూ? మెకానిక్కు జాకీ సరిగా పెట్టలేదనీ, అది జారితే రాజుగారు ఒంటిచేత్తో కారుని ఆపి బయటికొచ్చారనీ... అదేగా?

ఆ కథ కట్టింది నేనే. ఆస్పత్రి మంచం మీద పడుకుని, చూడ్డానికొచ్చిన ప్రతివాడికీ చెప్పాను. పదెకరాల రైతుని సొంత ధాన్యం చంపబోయిందని ఏ నోటితో చెప్పనండీ? మందులచీటీ పట్టుకుని అతను ఆ పక్కనే నిలబడి ఉన్నాడు. అన్నీ విన్నాడు. మందులు తేవడానికి వెళ్ళాడు. ఆర్నెల్లలో అతని షెడ్డుకి కార్లు రావడం మానేశాయి. ఊరొదిలి వెళ్ళిపోయాడు.

ఏంటి మేష్టారూ, ఇప్పుడు నవ్వరేం?

ఇటిక కూడా చెప్పకుండానే పొడైపోతుందండీ. ఆ సంత స్పానర్లు ఉంచుకోండి, పోతే నట్టేగా. స్టాండ్లు మాత్రం మంచివి కొనండి, వాటి మీద నిలబెట్టాకే కిందకి దూరండి. ఇదీ నా కోతే అనిపిస్తే కడియం వెళ్ళి అతన్నే అడగండి. నర్సరీల దగ్గర మొక్కల లారీలు బాగుచేసుకుంటున్నాడట. నేను పంపానని మాత్రం అనకండి, మొహం మీదే షెడ్డు తలుపేసేస్తాడు.

పేరు గుర్తుందిగా? జ్ఞానప్రకాశం.