శెట్టిగారి ఒంట్లో చెరకు గానుగ

మార్కాపురం బజారులో నాగభూషణరావు శెట్టిగారి బెల్లం దుకాణానికి ఒక ఆచారం ఉంది. తాతనాటిది. పొద్దున తలుపు తీయగానే గుమస్తా కొత్త దిమ్మె పగలగొట్టి ఇస్తే, శెట్టిగారు చేత్తో చిదిపి దేవుడి పటం ముందు పెడతాడు. బోణీ అయ్యేదాకా ఇద్దరూ ఆ చేతులు కడగకూడదు. కడిగితే లక్ష్మి ఆ నీళ్లతోనే పోతుందని వాళ్ల నమ్మకం.

ఆ రోజు దీనమ్మ క్యారియర్ పట్టుకొని వచ్చేసరికి ఇంకా బోణీ కాలేదు. అరుగు మీద కోతలు మాత్రం మొదలైనాయి.

ఆమె కొడుకు ఏబేలే అక్కడ గుమస్తా. పొద్దున చెప్పులు వేసుకుంటూ గడపలోనే కూలబడ్డాడు. "ఏం లేదమ్మా, కళ్లు తిరిగినాయి" అని లేచి, తినకుండానే వెళ్లిపోయాడు. వాళ్ల నాయన మోషే షుగరుతోనే పోయాడు. ఏబేలుకు ఈ ఏడు బయటపడింది. శెట్టిగారిని చూసి వాడూ అన్నం మానేశాడు. దుకాణం తెరవగానే ఇద్దరూ పరగడుపున షుగరు మిషను పెట్టి వేలు పొడుచుకుంటారు. నంబరు దిగడం లేదు, ఎక్కుతోంది. అది ఎక్కేకొద్దీ వాడు రొట్టె మానాడు, పెరుగు మానాడు. రాత్రి వేసుకోవలసిన మాత్ర ఒకటికి రెండు చేశాడు.

దీనమ్మ మెట్టు మీద కూర్చుంది. లోపల ఏబేలు తూకం రాళ్లు తుడుస్తున్నాడు. తల్లిని చూసి చూడనట్టున్నాడు.

అరుగు మీద శెట్టిగారు. ఎదురుగా టీకొట్టు మస్తానయ్య, కొనకనమిట్ల నుంచి బెల్లానికి వచ్చిన ఉమామహేశ్వర్లు. ఉమామహేశ్వర్లు బేరం ఎత్తినప్పుడల్లా కథ అడ్డం పడుతోంది.

"నేనేమన్నా ఘనకార్యం చేసినానా? లేదు. అన్నం మానినా, అంతే. ఇడ్లీ బంద్, దోసె బంద్, జొన్నరొట్టె బంద్. నెయ్యి, పన్నీరు, తోటకూర. నెల తిరక్కుండా బెల్టుకు కొత్త బొక్కలు పొడిపించినా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పరగడుపున వేలు పొడిస్తే నూట ముప్పై!"

"అన్నం తినకుండానే?" అన్నాడు ఉమామహేశ్వర్లు.

"అదే గదా! డాక్టరమ్మను అడిగితే ఏమనిందో తెలుసా? అన్నం మానినోళ్లకు తెల్లారుజామున లివరే కొంచెం చక్కెర వదులుతుందంట, పొద్దుటి నంబరు కాస్త పెరగొచ్చంట, కంగారు పడొద్దంట. కొంచెమంట! నా లివరు సంగతి ఆయమ్మకేం తెలుసు? బండెడు బెల్లం ఒక్కడే దించిన మనిషి మా తాత. ఆ వంశంలో లివరు కొంచెం చేసి ఊరుకుంటదా? పై వారం నూట ఎనభై. ఆ పై వారం రెండొందల ఇరవై. మిషను నన్ను చూసి దండం పెట్టేది ఒకటే తక్కువ."

"నిజమే. పోయినసారి వచ్చినప్పుడు నంబరు నేనూ చూసినా" అన్నాడు ఉమామహేశ్వర్లు, మెల్లగా.

దీనమ్మా చూసింది. అందుకే ఆమెకూ నమ్మకం కుదిరింది. మనిషి అబద్ధమాడతాడు గానీ మిషను ఎందుకాడుతుంది?

"ఇంక చీమలు. గోడౌన్లో బస్తాలకు బస్తాలు బెల్లం పడి ఉందా? దాన్ని కన్నెత్తి చూడకుండా, రోడ్డు దాటి, మేడెక్కి, నా మంచం దగ్గరికి వరస కట్టినాయి. కుట్టలేదు అన్నా, ఒక్కటి కుట్టలేదు! కాలి బొటనవేలు ముట్టుకొని, కళ్లకద్దుకొని పోయినాయి."

"చీమకు కళ్లకద్దుకునే చేతులు యాడియి?" అన్నాడు మస్తానయ్య.

"కాళ్లు ఆరు ఉంటాయి గదా, ముందు రెండూ చేతులనుకో. సరే, చీమలను వదిలెయ్. ఎలుగుబంటి! తెల్లారుజామున నడకకు పోతే వెనక నుంచి ఎవురో అరికాలు నాకుతున్నట్టు ఉంది. తిరిగి చూస్తే ఇంతెత్తు ఎలుగుబంటి."

"నల్లమలలో ఉండేది మార్కాపురం ఎట్ల వచ్చింది శెట్టీ, బస్సులోనా?"

"నడిచే వచ్చింది, దోర్నాల నుంచి, నా వాసన పట్టుకొని! నేను భయపడినానా? ‘ఏందమ్మా, అడవిలో తేనె దొరకలేదా’ అని అడిగినా. తల అడ్డంగా ఊపింది. దాని కళ్లల్లో నీళ్లు. నాకూ జాలేసింది. రెండో కాలు కూడా ఇచ్చినా."

ఉమామహేశ్వర్లు నోరు తెరిచి అట్లనే ఉన్నాడు. టీ చల్లారిపోయింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? మా వీధి బోరు సంగతి మీకు తెలియంది కాదు. ఆ నీళ్లు తాగితే పళ్లు పసుపు తిరుగుతాయి, మోకాళ్లు పట్టేస్తాయి. నేను పోసుకున్న నీళ్లు రోజూ భూమిలోకి ఇంకీ ఇంకీ, ఒకరోజు మా ఇంటిది ఆ బోరు నీళ్లతో కందిపప్పు ఉడకేస్తే బొబ్బట్లలోకి పూర్ణం అయింది! ఉప్పేసినా పూర్ణమే, కారమేసినా పూర్ణమే. నీళ్ల క్యాన్లోళ్లు వచ్చి నా కాళ్లు పట్టుకున్నారు, ‘శెట్టిగారూ, ఒక పూట అన్నం తినండి, మేం బతకాల’ అని. అంతటితో అయిపోయిందా? ఆ ఊట గుండ్లకమ్మలో కలిసింది. అట్లే పోయి కంభం చెరువులో పడింది."

"కంభం నుంచి గదా ఏరు కిందికి వచ్చేది?" అన్నాడు మస్తానయ్య.

"ఆ రోజు పైకి పారింది! తీపి తగిలితే ఏరు మాత్రం వెనక్కి తిరగదా? చెరువు చెరువంతా పానకం. చేపల పులుసు పెట్టుకున్నోళ్లు పాయసం తాగినారు. ఢిల్లీ నుంచి పెద్దోళ్లు దిగినారు. ‘అయ్యా, మీరు ఒక్క ఏడాది పస్తుంటే దేశంలో చెరకు నాటే పని లేదు’ అన్నారు. నేనే వద్దన్నా. చెరకు రైతులు ఏమైపోతారు పాపం! అయినా ఈ విద్య నాతో పోకూడదు గదా. అందుకే శిష్యుణ్ని తయారు చేస్తున్నా. ఒరే ఏబేలూ, రా, పొడుచుకో."

ఏబేలు వచ్చాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. సూది గుచ్చి, చుక్క పట్టీకి అంటించాడు. మిషను కూసింది. రెండొందల ముప్పై ఎనిమిది.

"చూసినారా! రాత్రి కూడా ఏమీ తినలేదు వీడు! మధ్యాహ్నం ఆ కాస్తా మానినాడంటే ఢిల్లీ వాళ్లు ఈసారి వీడి కోసం వస్తారు."

"మానేస్తా శెట్టిగారూ" అన్నాడు ఏబేలు. మాట ముద్దగా వచ్చింది.

దీనమ్మ లేచింది. మోషే మాట కూడా ఒకసారి ఇట్లాగే ముద్దగా వచ్చింది.

"కూర్చో నాయనా" అంది.

చేతులు పట్టుకుంది. చల్లగా ఉన్నాయి. జిగటగా ఉన్నాయి. ఆ చేతులతో అన్నం ఎట్ల తింటాడు? చెంబు అందుకొని రెండు చేతులూ రుద్ది రుద్ది కడిగింది, చిన్నప్పుడు కడిగినట్టే.

"దీనమ్మా! బోణీ కాలేదు!" శెట్టిగారు అరిచాడు.

"పొద్దున పడిపోయినాడయ్యా" అంది దీనమ్మ.

నేల మీద పడిన నీళ్లు ఎర్రగా, బెల్లం రంగులో ఉన్నాయి. మస్తానయ్య వాటినే చూస్తున్నాడు. ఏమనుకున్నాడో, మిషను తీసుకొచ్చి ఏబేలు ముందు పెట్టాడు.

"ఇప్పుడు పొడువు అబ్బయ్యా."

చెయ్యి తుడిచి వేరే వేలు పొడిచారు. మిషను కూసింది.

యాభై ఆరు.

నంబరు మారుతుందేమోనన్నట్టు శెట్టిగారు మిషను అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. షుగరు అంత కిందికి పడిపోతే ఏం చేయాలో దీనమ్మకు మోషే నాడే తెలుసు. దేవుడి పటం ముందున్న బెల్లం ముక్క తీసి కొడుకు నోట్లో పెట్టింది. ఇంకో ముక్క పెట్టింది. గడ్డం పట్టుకొని, నమిలేదాకా వదల్లేదు.

కాసేపటికి ఏబేలు కళ్లెత్తాడు. "అమ్మా, నువ్వెప్పుడొచ్చినావు?" అన్నాడు.

అప్పటిదాకా ఆపుకున్నది ఆమె కళ్లలోకి వచ్చింది. కొంగు ముడి విప్పి పది రూపాయల నోటు తీసి త్రాసు పళ్లెంలో పెట్టింది.

"నా కొడుకు తిన్న బెల్లానికి. మీ బోణీ అయింది శెట్టిగారూ. ఇంక మీరూ చేతులు కడుక్కోండి."

శెట్టిగారు నోటు వంక చూశాడు, కడుగు నీళ్ల వంక చూశాడు. లేచిపోయి కడుక్కొచ్చాడు. ఎవరూ అడగకుండానే వేలు పొడుచుకున్నాడు.

"ఎంత?" అన్నాడు ఉమామహేశ్వర్లు.

"నూట పదిహేను."

"డాక్టరమ్మ చెప్పిన కొంచెమే గదా, మిగతాదంతా చేతికంటిన బెల్లం" అన్నాడు మస్తానయ్య. చల్లారిన టీ గ్లాసులు ఏరుకుంటూ మెట్లు దిగి, వెనక్కి తిరిగాడు. "అన్నీ సరే గానీ శెట్టీ, పాపం ఆ ఎలుగుబంటికి ఎవురు చెప్తారు?"

దీనమ్మ క్యారియర్ విప్పి పెరుగన్నం కలిపింది. మొదటి ముద్ద ఏబేలుకు పెట్టింది. రెండో ముద్ద చేతిలో పట్టుకొని, ఎందుకో శెట్టిగారి వంక చూసింది.

"ఒక ముద్ద తినండయ్యా" అంది. "నీళ్ల క్యాన్లోళ్లు బతకాల గదా."