వెస్ట్రీ గదిలో పిల్ల

ఆ లూథరన్ గుడిలో ఏళ్ల తరబడి సండే స్కూల్ నడిపిన టీచరమ్మను మాన్పించి, ఆ పని పాస్టరుగారి భార్యకు అప్పగించారు. ఒక ఆదివారం ఆరాధన కాగానే కొత్తావిడ పాతావిడ ఇంటికి వచ్చింది.

“అదికాదు టీచరమ్మా, నేనడిగేది ఒక్కటే. పిల్లలు ఎందుకు రావట్లేదు?”

“నన్నడుగుతారేంటి అమ్మగారూ? మీ బడి, మీ పిల్లలు. నేను మానేసినదాన్ని. మానేసినదాన్ని కాదులెండి, మాన్పించినదాన్ని.”

“మొదట్లో గది నిండా ఉండేవాళ్లు.”

“ఉండేవాళ్లు. చాపలు చాలక గుమ్మంలో కూర్చునేవాళ్లు. నా హయాంలో.”

“ఇప్పుడు బోసిగా ఉంటోంది.”

“అయ్యో పాపం. ప్రొజెక్టరేదో కొన్నారటగా? దానికే చెప్పండి పాఠం. బుద్ధిగా వింటుంది.”

“ఎగతాళి వద్దండీ.”

“ఎగతాళా? నాకెందుకమ్మా! కాఫీ తాగుతారా?”

“వద్దు. టైలరుగారి భార్యని అడిగితే మొహం తిప్పేసుకుంది. నర్సమ్మని అడిగితే పిల్లకి జ్వరం అంది. ఆ పిల్లేమో ఆవిడ వెనకాలే తాడు గెంతుతోంది.”

“పిల్లల జ్వరాలు అంతే. ఇట్టే వస్తాయి, ఇట్టే పోతాయి. కొంచెం తాగండి, ఒక్క గుక్క.”

“వద్దన్నాను కదా! చివరికి నర్సమ్మే నోరు విప్పింది. బైబిల్ కంఠత వాక్యం రాలేదని నేనొక పిల్లని వెస్ట్రీ గదిలో, అయ్యగారు అంగీ మార్చుకునే ఆ ఇరుకు గదిలో, పెట్టి తాళం వేశానట. అది ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిందట.”

“అవునా! ఎంత ఘోరం.”

“ఏ పిల్ల, టీచరమ్మా?”

“నాకేం తెలుసు? నలుగురూ అనుకుంటుంటే...”

“నలుగురూ కాదు. మీరే చెప్పారట.”

“నేనా?”

“మీరే. కూరగాయల కొట్టు దగ్గర. కళ్లనీళ్లు పెట్టుకుని మరీ.”

“...చెప్పాను. అయితే ఏంటట?”

“అబద్ధం కదా?”

“అబద్ధమే! పచ్చి అబద్ధం. ఆ గదిలో ఏ పిల్లా లేదు. మరి నా సంగతి? పెళ్లి ప్రకటనకీ గుడికి సున్నం వేయించే చందా ప్రకటనకీ మధ్యలో, ‘పెద్దావిడ ఇక విశ్రాంతి తీసుకుంటారు’ అని చదివేశారు మీ ఆయన. ముందు నాకొక్క మాట లేదు. పాటల పుస్తకం పట్టుకుని ఎటు చూడాలో తెలీక నిలబడిపోయాను.”

“అది తప్పే. ఆయన ముందే...”

“ఇప్పుడు తప్పా? ఆ రోజు ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టారు మీరు. నేను చూశాను. ఈవిడ ఒక్కతే కూర్చుని గోడలకి పాఠం చెప్పే రోజు రావాలి, అది నేను చూడాలి అనుకున్నా.”

“చూశారుగా. కడుపు చల్లబడిందా?”

“చల్లగా, హాయిగా ఉంది.”

“అబద్ధమని వాళ్లకి చెప్పండి.”

“చెప్పను. మీరే చెప్పుకోండి ఇల్లిల్లూ తిరిగి. ఎవరు నమ్ముతారో చూద్దాం. ఆ పిల్లలకే కాదు, వాళ్ల అమ్మలకి కూడా మొదటి వాక్యం నేర్పింది నేను.”

“నా మాట నమ్మరని నాకూ తెలుసు. అందుకే మీ నోటితోనే అనిపించాను.”

“ఎవరు విన్నారని? ఉన్నది మనిద్దరమేగా.”

“ఇందాక గుడి బయట మీ మనవరాలు నా కొంగు పట్టుకుని ఆపింది. ఎందుకు తాళం వేశావని నిలదీసింది. వెయ్యలేదమ్మా అంటే, మా అమ్మమ్మ అబద్ధం ఆడదు అని నా మీదకొచ్చింది. వెంటబెట్టుకొచ్చాను. మెట్ల మీద కూర్చుని ఉంది.”

“ఏయ్... ఎంత పని చేశావే! చిన్నపిల్ల కదే అది!”

“నాకు చప్పట్లు కొట్టడమొక్కటే వచ్చనుకున్నారా?”

“ఇటు రా బంగారం. ఈవిడ మాటలకేంగానీ, నువ్వు లోపలికి రా...”

“అమ్మమ్మా, మరి రోజూ పడుకునేటప్పుడు నువ్వు నా చేత ఆ గదిలో పిల్ల కోసం ప్రార్థన చేయిస్తున్నావే, ఆ పిల్ల లేదా?”