గుగ్గిలం పెట్టిన సీలు

చేపల రేవు దగ్గర పాత వ్యాను ఇంజనుకి కొత్త ఆయిల్ సీలు బిగించి మామ చేతులు తుడుచుకుంటున్నాడు. ఇంజను వేడెక్కి తిరుగుతోంది. ఐసు పెట్టెల పక్కన అల్లుడు నిలబడి ఉన్నాడు.

“నాను బిగించిన సీల్లోంచి సుక్క కారితే మీసం తీసేత్తానల్లుడూ!”

“కారతంది మామా. సుక్క కాదు, దార.”

“అది పాత నూనె.”

“పొద్దున్న పోసిన నూనె పాతదెలాగయిపోనాది? ఐసు కరిగిపోతంది. ఈ సేపలు ఆనందపురం సేరకపోతే ఆ హోటలోల్లు మళ్లీ నా దగ్గిర కొంటారా?”

“సీలు సుట్టూ గట్టి సరుకే పెట్టినాను కదా.”

“ఏటి పెట్టావ్?”

“గుగ్గిలం. పడవ సందుల్లో పెట్టమేటి? ఇంజనుకీ అదే మంచిదని ఓడలో వొచ్చిన జర్మనీ ఇంజనీరు సెప్పినాడు.”

“పడవ కింద సముద్రముంది మామా! ఇది గాలికి సల్లారే ఇంజను, నీల్లే ఉండవు. ఆ వేడికి గుగ్గిలం కరిగిపోదా?”

“కరిగిపోనాది. నాను కాదన్నానా?”

“మరి మీసం?”

“తీసేత్తే మీ అత్త ఇంట్లోకి రానివ్వదురా.”

“సాల్లే. పెట్టెలు ఆటోలో ఏసుకుని పోతన్నాను. నువ్వు అదంతా గోకి, ఇంకో సీలు ఉత్తదే బిగించు. ఆ జర్మనీవోడు దొరికితే మాత్రం వొదల్ను.”

“ఎక్కడ దొరుకుతాడల్లుడూ? ఆడ్ని ఇందాకే నాను పుట్టించినాను. గుగ్గిలమొక్కటే నిజం.”