రుమాలు కింది చెయ్యి

గీ ముచ్చట నాకు మొదలు చెప్పింది కటింగ్ షాపు చిన్నన్న. సగం గడ్డం గీకిండు, సగం నురుగు అట్లనే ఇడిచిపెట్టిండు, ఫోన్ తీసి నా ముంగట పెట్టిండు. "గంగన్నా, మన పసుపు యార్డు సినిమా మీద సంధ్యారాణి కొత్త వీడియో చేసింది. ఎవ్వరు గమనించని పది తప్పులట. అండ్ల ఎనిమిదోది నీ చెయ్యే" అన్నడు.

నా చెయ్యి తప్పట.

కూసో సంధ్యారాణి బిడ్డా, లేవకు. చాయ్ ఒద్దు. గా జిరాక్స్ మిషన్ జర బంద్ చెయ్యి, దాని సప్పుడుకు నా మాట నాకే ఇనవడ్తలేదు. గిరాకీ వస్తే మల్ల రమ్మను. మీ నాయన నారాయణ ఉన్నప్పుడు ఇదే స్టూలు మీద నేను గంటలు గంటలు కూసున్న. గప్పుడు నువ్వు గీడనే నేల మీద కూసోని పేపర్లల్ల సినిమా బొమ్మలు కత్తిరించుకునేదానివి. గిప్పుడు గా బొమ్మల ముచ్చట్లే ఫోన్ల చెప్తున్నవు, లక్ష మంది చూస్తున్నరట. మంచిదే. నేను తప్పు వడ్తలేను.

చెయ్యికా? ఏం కాలే. జర గుంజుతున్నది, తువ్వాల చుట్టుకున్న. అది ఇడువు.

నాకు చదువు అంతంతే. పోస్టరు మీది పెద్ద అక్షరాలు కూడబలుక్కుంట, దస్కతు పెడ్త, అంతే. కానీ నా పనిల తప్పు తీసినోడు గీ ఆర్మూర్ల ఇప్పటిదాక పుట్టలే. ఇరవై ఆరేండ్లు కమీషన్ అడ్తి దుకాణంల కొనేటోళ్ల తరఫున రుమాలు కింద చెయ్యి వట్టి ధర తెంచిన. కొమ్ము ఇరిచి లోపటి రంగు చూసి, మూతి కాడ పెట్టుకుంటే చాలు, ఏ ఊరి పసుపో, ఎంతసేపు ఉడికిందో చెప్పేటోన్ని. అంకాపూర్ పెద్ద రైతులు గూడ నేను రాంది కుప్ప చూపియ్యకపోదురు. గసుమంటి మనిషిని పట్టుకొని, ఎనిమిదో తప్పు అంటివి.

నీ తప్పు గూడ కాదు. తెల్సు నాకు. సైగలన్ని నీకు నేర్పిందే నేను.

పోయిన నెల నువ్వు మైకు పట్టుకొని మా ఇంటికొచ్చినవు, యాది ఉన్నదా? తాతా, సినిమా మల్ల థియేటర్ల పడ్తున్నది, కొత్త ప్రింటు, అద్దం లెక్క కనవడ్తది అన్నవు. రెండో పార్టు గూడ తీస్తరట, గా హీరో కొడుకే హీరో అట, చేతి బేరం నేర్పెతందుకు నిన్నే పిలుస్తరేమో అన్నవు. గంతే, నేను పొంగిపోయిన. డెబ్బై రెండేండ్ల మనిషిని, ఒళ్లు తెల్వకుంట పొంగిపోయిన. రుమాలు కింద ఎన్ని వేళ్లు పడితే ఎంత, చెయ్యంత పడితే ఎంత, నొక్కితే ఏంది, ఇడిస్తే ఏంది, అన్ని ఒక్కొక్కటి పట్టి చూపిచ్చిన. నువ్వు నవ్వుకుంట రాసుకున్నవు. తర్వాత సినిమాల చెయ్యి చూసి లెక్క కలుపుకున్నవు. కలవలే. తప్పు అని పెట్టినవు.

నీ లెక్క నీకు కరెక్టే. ఇగ నా మీద పడ్డది. సినిమాల చెయ్యి నాది, ఈ గంగాకిషన్‌ది అని ఊరంత అంటది కదా. గంగాకిషనే నేర్పిన సైగ గంగాకిషన్ చెయ్యి ఎందుకు తప్పు పట్టింది? చిన్నన్న గూడ గదే అడిగిండు. నురుగు ఆరిపోయి గడ్డం చిటచిటమంటున్నది, వాడేమో కత్తి చేతుల పట్టుకొని జవాబు కోసం చూస్తున్నడు. కెమెరా ముంగట భయపడ్డవా అన్నా, అన్నడు.

భయమా. నాకా.

అది తప్పు కాదు బిడ్డా. అది చెప్పెతందుకే ఎండల పడి వచ్చిన. అదెందుకు తప్పు కాదో చెప్పాల్నంటే మొత్తం చెప్పాలె. అందుకే మూడు దినాల నుంచి ఇంట్లనే పన్నుకున్న, రాలే.

షూటింగ్ అయి ముప్పై నాలుగేండ్లు. నువ్వు పుట్టలే. యార్డుల పసుపు కుప్పలు నడుమెత్తు ఉన్నయి, అండ్లకెళ్లి వైర్లు గుంజిండ్రు, లైట్లు పెట్టిండ్రు. హీరో బేరం చేసే సీను. హీరో చేతులు చూస్తే పిండి ముద్దలు. గీ చేతులతోని పసుపు బేరమంటే ఎవడు నమ్మడని డైరెక్టరుకే అనిపిచ్చింది. చెయ్యి మట్టుకు యార్డోనిది కావాలె అన్నడు. అందరు నన్నే చూపిచ్చిండ్రు. చూపిస్తరు మరి.

నేను కొత్త అంగీ ఏసుకొని పోయిన. చెయ్యి ముంగటికి పెట్టిన. మీదికెళ్లి రుమాలు కప్పిన. గప్పుడు గా డైరెక్టర్ అంటడు గదా, రుమాలు తియ్యి పెద్దమనిషీ, వేళ్లు కనవడాలె.

నేను తియ్య అన్న.

ఎందుకంటవేంది? గా రుమాలు కిందిదే మా ఇజ్జత్. రైతు ఎంత అడిగిండో, సేటు ఎంతకు ఒప్పిండో పక్కోనికి తెల్వదు. తెలిస్తే పక్క కుప్ప రైతు ధర పడిపోతది. మా నాయన నాకు నేర్పిన్నాడు ఒట్టు పెట్టిచ్చుకున్నడు. కట్టుకున్న పెండ్లానికి గూడ చూపియ్యొద్దని. ఇప్పుడంటే కంప్యూటర్ల నొక్కుతున్నరు, గోడ మీద ధర పడ్తున్నది, గప్పుడు అట్ల కాదు. రుమాలు తీస్తే సినిమా చూసిన ప్రతోడు మా చెయ్యి చదువుతడు. యార్డోళ్లనందరిని తాడు అవతలికి తోలిండ్రు, నేను సినిమావోళ్ల ముంగటనే డైరెక్టరుకు చెప్పిన, నీ సినిమా నీకెక్కువ, నా రుమాలు నాకెక్కువ అని. అంగీ దులుపుకొని వచ్చేసిన. అలిగి కాదు. సరే, జర అలిగే.

పిలుస్తరు అనుకున్న. అడ్తి దుకాణం అరుగు మీద కూసోని చూసిన.

పిలువలే.

లింబాద్రి పోయిండు. ముప్కాల్ లింబాద్రి. నువ్వెరుగవు. నా కింద పని నేర్చుకున్నోడు. మూటలు దించేటప్పుడు కొక్కెం జారి చిటికెన వేలు గోరు లేచిపోతే, కొమ్ములు దంచి అద్ది గుడ్డ కట్టింది నేనే. గా గోరు మల్ల రాలే. బేరం నేర్పింది నేను. నా ఇంట్ల తిన్నడు. గా లింబాద్రి, నేను లేచొచ్చిన కాడ పోయి కూసున్నడు. రుమాలు తీసి చెయ్యి పెట్టిండు.

అగో, అట్ల చూడకు. చెప్తున్న కదా.

ఆ దినం నుంచి వానితోని మాట్లాడలే. సినిమా మోజు కోసం మా గుట్టంత బజార్ల పెట్టిండని లోపట లోపట మండిన, నన్ను మల్ల పిలువలేదని తెలుస్తదని యార్డుల ఎవ్వనికి చెప్పలే. రెండు నెలలకు వాడు దుబాయ్ పోయిండు. పోయేటప్పుడు మా ఇంటి ముంగట వచ్చి నిలవడ్డడు. నేను లోపటనే ఉన్న. మా ఆమె ఆశమ్మతోని, ఇంట్ల లేడని చెప్పిచ్చిన.

ఇగ సినిమా వచ్చింది. మొదటి ఆట. యార్డోళ్లమంతా పోయినం. గా సీను వచ్చింది. తెర మీద చెయ్యి ఇంతది, గోడంత. మూడు వేళ్లు ఒడిసి పట్టింది, మణికట్టు నొక్కింది, బొటనవేలు తిప్పింది. థియేటరంత ఈలలు. నేను తెర మీది వేళ్లనే లెక్కవెడ్తున్న.

మా బేరంల మణికట్టుకు పనే లేదు బిడ్డా. బొటనవేలు తిప్పుడు అనేదే లేదు. లింబాద్రి ఒక్కటంటే ఒక్కటి అసలు సైగ పట్టలే. డైరెక్టరుకు కావలసింది వాని చెయ్యి, ఇచ్చిండు. గుట్టు మట్టుకు ఇయ్యలే. అంత మంది ముంగట, లైట్ల కింద, రుమాలు లేకుంటనే రుమాలు కప్పిండు వాడు.

నాకు ఆ ఉపాయం తట్టలే. నేను అంగీ దులుపుకొని వచ్చిన. వాడు నవ్వుకుంట కూసోని పని చేసి వచ్చిండు. గా సీను చూసినకాడి నుంచి వాని మీద కోపం ఇంకింత పెరిగింది. ఎందుకో అడగకు.

సినిమా ఇడిచినంక బయట అందరు నా చుట్టు చేరిండ్రు. నేను కొత్త అంగీతోని పోయింది చూసినోళ్లే గని, తిరిగొచ్చింది చూసినోళ్లు లేరు. గంగన్నా, తెర మీద నీ చెయ్యి ఎంత గంభీరమున్నది అన్నరు. సైగలు గట్లున్నయేంది అని ఒక ముసలి సేటు అడిగిండు. కావాల్ననే తప్పు పట్టిన, మన గుట్టు బయట పెడ్తనా అన్న.

అవును. గా మాట నేనే అన్న. వాడు చేసింది నేను చేసిన అని చెప్పుకున్న. సేటు నా భుజం తట్టిండు. తట్టిచ్చుకున్న.

ఆ సేటు పోయిండు. గా ముచ్చట తెల్సినోళ్లంత ఒక్కొక్కలు పోయిండ్రు. చెయ్యి గంగాకిషన్‌ది అనేది ఒక్కటి మిగిలింది. ఎందుకు తప్పు పట్టిండో అది పోయింది. అందుకే నీకు తెల్వలే.

నాలుగేండ్లకు లింబాద్రి దుబాయ్ నుంచి వచ్చిండు. యార్డు ముంగటి హోటల్ల అందరం కూసున్నం. వాడు సినిమా చూడలే పాపం, అప్పటికే ఎత్తేసిండ్రు. నా చెయ్యి ఎట్ల కనవడ్డది రా అని అందరిని అడిగిండు. సంబురంగ అడిగిండు. అందరు నవ్విండ్రు. నీ చెయ్యేంది, అది గంగన్నది కదా అన్నరు.

వాడు నా దిక్కు తిరిగిండు. "చెప్పు గంగన్నా" అన్నడు.

నేను చాయ్ సాసర్ల పోసుకున్న. ఊదుకున్న. "వానికి బేరం నేర్పిందే నేను" అన్న.

అబద్ధమా చెప్పు? మాట మాట సత్తెమే. అందరు మల్ల నవ్విండ్రు. వాడు నవ్వలే. గిలాస టేబులు మీద పెట్టిండు, సప్పుడు గాకుంట పెట్టిండు, లేచి పోయిండు. మల్ల ఆర్మూర్ యార్డుకు రాలే. ముప్కాల్‌లనే రెండు బర్లు పెట్టుకొని, వరి పెట్టుకొని బతికిండు. వాని భార్య సత్తవ్వ పోయిన్నాడు నేను పోయిన. రోడ్డు మీద నిలవడ్డ. వాడు చూసిండో లేదో తెల్వదు. చూసినా పిలువలే. పిలిచి ఉంటే చెప్పేటోన్నేమో. నా అంతట నేను ఎట్ల పోత? నేను పెద్దోన్ని కదా.

శుక్రవారం సినిమా మల్ల పడ్తది కదా, థియేటర్ ముంగట కట్టే ఫ్లెక్సీ అచ్చు అయిందా?

అయిందా. నా బొమ్మ పెట్టినవా. మీసం మంచిగ వచ్చిందా? సరే, ఇడువు.

చిన్నన్న ఇంకోటి గూడ చదివిండు, నీ వీడియో కింద. వేల మంది రాస్తరు, నువ్వు చూసినవో లేదో. ఎవడో దుబాయ్ నుంచి రాసిండు. కొత్త ప్రింటు ట్రైలర్ ఆపి ఆపి చూసిన, గా చేతికి చిటికెన వేలు గోరు లేదు అని. పాత ప్రింటుల పసుపు మరకలు, వాన చినుకులసుంటి గీతలు, గోరు ఎవనికి కనవడలే. చిన్నన్న చదువుడు ఆపిండు. కుర్చీ చెక్క మీద ఉన్న నా చెయ్యి దిక్కు చూసిండు. మిగిలిన సగం గడ్డం గీకిండు, పైసలు గూడ తీసుకోలే.

గందుకే తువ్వాల.

ఇగో, చూడు. అయిదు వేళ్లు, అయిదు గోర్లు. గుంజుడు లేదు ఏం లేదు. ముప్పై ఏండ్లు గీ చెయ్యికి శాలువాలు కప్పిండ్రు. గీ చెయ్యి ఏ సినిమాల లేదు.

ఏడుస్తున్నవేంది? నేనే ఏడుస్తలేను. అలిసిపోయిన, అంతే.

నీతోని నాకు కోపం లేదు. నా మీద ఉన్నది. వాడు కెమెరా ముంగట గుడ్డ లేకుంట దాచిండు. నేను ఎవ్వలు బెదిరియ్యకముందే, రెండో పార్టు అనే ఒక్క మాటకు, నీ ఫోన్ ముంగట అంత ఇప్పి పెట్టిన. నేను ఇప్పినందుకే వాని చెయ్యి తప్పు అయ్యింది. లక్ష మంది వాన్ని చూసి నవ్విండ్రు, అది నా చెయ్యి అనుకొని.

గా ఫ్లెక్సీ కట్టకు, దాని పైసలు నేనిస్త. రెండో పార్టోళ్లకు వాని నంబరియ్యి. వాని కోడలు కావేరి కాడ దొరుకుతది. వాళ్లకు వాడు ఏం నేర్పడు, వాని మొండితనం నాకెరుకే, కానీ అడగనీ. శుక్రవారం ఆటకు వాన్ని పిలిపియ్యి, ముంగటి వరసల కూసోబెట్టు. వాడు వాని చెయ్యి ఇప్పటిదాక చూసుకోలే, గా సినిమా టీవీల పడ్డా బంద్ చేస్తడట.

నేను రాను. వస్తే మాట్లాడాలె. ముందుగాల వాడు పలకరిస్తే చూద్దాం.

ఇగ ఫోన్ తియ్యి. ఎనిమిదోది కొట్టెయ్యి. అది తప్పు కాదని రాయి, చెయ్యి ముప్కాల్ లింబాద్రిది అని రాయి, గంగాకిషన్ ఇన్నేండ్లు తనదని చెప్పుకున్నడు అని గూడ రాయి. నేను చూపిచ్చిన సైగలు మట్టుకు తీసెయ్యి. రాసినంక నాకు సదివి ఇనిపియ్యి. తర్వాత ఫోన్ ఇటియ్యి, నేను గూడ కూడబలుక్కొని చూసుకుంట. జర టైం పడ్తది. పడనీ. గంతదాక గీడనే కూసుంట.